ఈలకు లేవని వాళ్లు

“విజిల్ ఊదడానికి నీకు నోరెలా వచ్చిందక్కా?”

అడిగినావిడ అట్టముక్క మీద పడుకునే అడిగింది. దుప్పటి మొహం మీంచి సగమే తీసింది. ఎదురుగా కొత్త ఖాకీ చొక్కా, కొలత కుదరని నల్ల బూట్లు, మెడలో ఈల వేసుకుని నిలబడ్డ మనిషి వరండా చివరికి ఓ చూపు వేసింది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. దుకాణాల షట్టర్లు వరసగా దించి ఉన్నాయి. పాలవ్యాను వచ్చే వేళయింది. వరండా చివర సూపర్‌వైజరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

ఖాకీ చొక్కా మనిషిని అందరూ గోడక్క అంటారు. పడుకుని ప్రశ్న వేసినావిడ పిడుగు. ఇద్దరిదీ ఒకే ఫుట్‌బాల్ జట్టు. ఒకరు గోల్ కాస్తారు, ఒకరు గోల్ కొడతారు. కిందటి వారం దాకా ఈ వరండాలోనే పక్కపక్కన పడుకున్నారు. ఇప్పుడు ఒకరిని లేపి పంపడం ఇంకొకరి ఉద్యోగం. ఉద్యోగంతో పాటు మెట్ల కింద గది ఇచ్చారు. ఆ గదికి లోపలి నుంచి వేసుకునే గడియ ఉంది. పొద్దెక్కేలోపు వరండా ఖాళీ కాకపోతే ఉద్యోగం పోతుంది, గది పోతుంది, గడియ పోతుంది. మొదటి రెండూ పోతే గోడక్క మళ్లీ ఎలాగో బతికేది. మూడోది అలా కాదు.

గోడక్క ఒకప్పుడు ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసేది. వార్డు దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, ఆపరేషన్ గదిలో కట్టుకునే ఆకుపచ్చ గుడ్డలు. పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే మామూలుగా ఇద్దరు కావాలి. ఈవిడ ఒక్కతే గడ్డం కింద అంచు నొక్కిపెట్టి, బారలు చాపి, రెండు విదిలింపుల్లో పని ముగించేది. చేతులు అంత పొడుగు. తర్వాత ఆసుపత్రి వాళ్లు లాండ్రీని బయటి కాంట్రాక్టుకు ఇచ్చేశారు. మొగుడు అప్పటికే పని వెతుక్కుంటానని వేరే ఊరు వెళ్లాడు. పని దొరికిందో లేదో తెలియదు గానీ ఇంకొకావిడ దొరికింది. అద్దె కట్టలేక గోడక్క గది ఖాళీ చేసి తన అక్క ఇంటికి చేరింది.

అక్క మంచిదే. ఇల్లే ఇరుకు. హాల్లో టీవీ కట్టేసేదాకా పక్క వేసుకోవడానికి లేదు. తెల్లారి బావ పేపరు కోసం తలుపు తీశాక పడుకోవడానికి లేదు. బట్టలు మార్చుకోవాలంటే బాత్రూం ఖాళీ అయ్యేదాకా ఎదురుచూపు. బావ నోరు చెడ్డది కాదు, సరదాది. అదింకా కష్టం. వచ్చిన ప్రతివాళ్లతోనూ “మా ఇంటికి వాచ్‌మన్ అక్కర్లేదండీ, మా మరదలుందిగా” అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు, మర్యాదకు ఈవిడా నవ్వేది. ఒకరోజు మార్కెట్‌కు వెళ్లొస్తానని సంచి తీసుకుని బయల్దేరి, ఇక వెనక్కి రాలేదు.

“గొడవ పడి వచ్చినా బాగుండేది,” అంటుంది. “గొడవపడిన వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కలుస్తారు. మేం గొడవే పడలేదు. ఇక కలవడానికి ఏముంది?”

అక్కడి నుంచి బస్టాండు. రోడ్డున పడ్డవాళ్లు ఓ మూల ఊరికే కూర్చుని ఉంటారని ఇళ్లున్నవాళ్ల నమ్మకం. వాళ్లంత నడిచేవాళ్లు నిజానికి ఊళ్లో ఇంకెవరూ ఉండరు. కూర్చోనిస్తే కదా కూర్చోవడం. వెయిటింగ్ హాల్లో కాస్త కునుకు పట్టగానే ఈల. పార్కులో బెంచీ మీద నడుం వాల్చగానే ఈల. ఆసుపత్రి అరుగు మీద కాసేపు కూర్చుంటే, “పేషెంటా? కాదా? అయితే నడువు.” నాలుగేళ్లు ఇలా గడిస్తే ఒంటికి ఒక చదువు వచ్చేస్తుంది. ఈల వినబడగానే బుర్ర మేలుకోకముందే చెయ్యి సంచి పట్టుకుంటుంది, కాళ్లు బయల్దేరతాయి. ఎటు అన్నది తర్వాతి సంగతి. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. గోడక్కది మొదటి జబ్బు, పిడుగుది రెండోది.

పిడుగు ఒక హాస్టల్ మెస్సులో వంట చేసేది. మెస్సు మూతపడితే పని పోయింది, పనితోపాటు వంటగది వెనక పడుకునే చోటూ పోయింది. పొట్టిది, బక్కది, నోరు తెరిస్తే ఇక ఆపదు. బస్టాండులో గోడక్క పక్కన చోటు సంపాదించింది. గోడక్క దాన్ని చెల్లెలనీ అనలేదు, స్నేహితురాలనీ అనలేదు. పక్కన పడుకునే మనిషి అంది. ఆ మాటకు విలువెంతో బస్టాండులో పడుకున్నవాళ్లకు తెలుసు.

జట్టు పెట్టింది పీటీ మేష్టారు. స్కూల్లో రిటైరయ్యాడు, మోకాళ్లు అరిగిపోయాయి, ఇంట్లో కూర్చోలేడు. దిక్కులేని వాళ్ల కోసం పనిచేసే ఒక ట్రస్టు ఆయనకు పది బంతులు, గోల్ వలలు కొనిచ్చి, ‘బంతి బతుకును మారుస్తుంది’ అని కరపత్రం వేసింది. బంతి ఏ బతుకునూ మార్చదు. అది తోలుతో చేసిన వస్తువు, లోపల గాలి ఉంటుంది. మేష్టారికి ఈ విషయంలో భ్రమలేమీ లేవు. మొదటిరోజు వచ్చినవాళ్లతో, “ఆడితే ఇల్లు రాదమ్మా. ఆకలి వస్తుంది. అరటిపళ్లు నేను తెస్తా,” అన్నాడు. ఆయన చేసిన పెద్ద పనల్లా రానివాళ్లను మర్నాడు నిలబెట్టి తిట్టడం. “నువ్వు రాకపోతే నలుగురితో ఎలా ఆడించను? బుద్ధుందా?” బస్టాండులో ఎంతకాలం కనబడకపోయినా ఎందుకు రాలేదని ఎవరూ తిట్టరు. ఆ తిట్లు తినడానికి కొందరు అలవాటు పడ్డారు. ట్రస్టు వాళ్లు కరపత్రంలో దీన్ని వేరే మాటలతో రాశారు.

గోడక్క ఆడదామని రాలేదు. మైదానం పక్కనుంచి నడిచి వెళ్తోంది.

“ఏమ్మా, ఆ పొడుగు చేతులావిడా, ఒకసారి ఇటు రా,” అని కేకేశాడు మేష్టారు.

“సంచి ఎక్కడ పెట్టాలి?”

“ఎక్కడో అక్కడ పెట్టు.”

“ఎక్కడో అక్కడ పెట్టేదాన్నయితే ఇన్నాళ్లుగా ఎందుకు మోస్తున్నా సార్?”

ఆవిడే మైదానమంతా కలయజూసి, సంచి తీసుకెళ్లి గోల్ పోస్టు లోపల, వలకు ఆనించి పెట్టింది. దాని ముందు నిలబడింది. ఆ రోజు నుంచి ఆవిడ గోల్‌కీపరు. సంచిలో ఒక జత బట్టలు, గుర్తింపు కార్డు, లాండ్రీ వాళ్లిచ్చిన సర్వీసు కాగితం, బీపీ మాత్రలు. దాని మీదికి ఏదొచ్చినా ఆవిడ ఊరుకోదు. బంతి వచ్చింది కాబట్టి బంతిని ఆపింది. చూసి మిగతావాళ్లు కూడా తమ సంచులు ఆ వల్లోనే పెట్టడం మొదలుపెట్టారు. ‘గోడ’ అన్న పేరు పిడుగు పెట్టింది, ‘అక్క’ తర్వాత చేరింది.

మొదటి మ్యాచి ఒక బ్యాంకు ఆడ ఉద్యోగుల జట్టుతో. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. వాళ్లకు ఇస్త్రీ మడత పోని జెర్సీలు. రిఫరీ వాచీ చూసుకుని, బంతి మధ్యలో పెట్టి, ఈల ఊదాడు.

మేష్టారి జట్టు మొత్తం వెనక్కి తిరిగి, గోల్లోంచి సంచులు తీసుకుని, మైదానం దాటి నడిచి వెళ్లిపోయింది.

బ్యాంకు వాళ్లు బంతి చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. మేష్టారు అరిగిన మోకాళ్లతో గేటు దాకా పరుగెత్తి, “ఎక్కడికే అందరూ?” అన్నాడు.

అప్పటికే రోడ్డు మీదున్న పిడుగు, “విజిల్ వేశాడుగా సార్,” అంది. అన్నాక ఆగింది. ఎందుకు నడుస్తోందో దానికి అప్పుడు గానీ తెలియలేదు.

ఆ రోజు మళ్లీ వచ్చి ఆడారు, ఓడారు. ఓటమిని మేష్టారు లెక్కచేయలేదు. మర్నాటి నుంచి ఆయన బంతి పక్కనపెట్టి ఈల పట్టుకున్నాడు. జట్టును మైదానంలో నిలబెట్టి ఈల ఊదేవాడు. కదిలినవాళ్లకు ఒక రౌండు పరుగు. సంచి వైపు కన్ను తిప్పినా ఒక రౌండు. మాటల మధ్యలో, అరటిపండు తింటుండగా, నీళ్లు తాగుతుండగా వెనకనుంచి వచ్చి ఊదేవాడు. అందరికంటే ఎక్కువ పరుగెత్తింది గోడక్కే. “ఈ వయసులో నన్ను చంపుతున్నాడు ముసలాయన,” అని తిట్టుకుంటూ పరుగెత్తేది. ఆఖరికి ఒకనాడు చెవి పక్కనే ఊదినా ఆవిడ అరటిపండు ఒలుచుకుంటూనే ఉంది. మేష్టారు ఇంకో పండు ఇచ్చాడు.

ఒక మనిషిని ఒకచోట మారిస్తే ఆ మార్పు అక్కడే ఉండిపోదు. కరపత్రాలు రాసేవాళ్లకు ఈ సంగతి తట్టదు. బస్టాండు వాచ్‌మన్ ఈల ఊదితే జట్టు వాళ్లు లేవడం మానేశారు. పొగరనుకుని అతను కర్రకు పని చెప్పాడు. దెబ్బలు తిన్నాక పిడుగూ గోడక్కా ఇంకో ఇద్దరూ బస్టాండు వదిలి, రెండు వీధుల అవతల కాంప్లెక్సు వరండాలోకి మకాం మార్చారు. పైకప్పుంది, కాపలా లేదు. వాళ్లను చూసి ఇంకొందరు చేరారు. దుకాణాల వాళ్లు ఓనరు దగ్గర మొరపెట్టుకున్నారు. కాపలా మనిషిని పెడదామన్నాడు ఓనరు.

ఆ ఓనరే ట్రస్టుకు జెర్సీలు ఇచ్చిన పెద్దమనిషి. ఫొటో కోసం మ్యాచికి వచ్చాడు. ఆ రోజు గోడక్కను దాటి ఒక్క బంతి లోపలికి పోలేదు. ఆయన ముచ్చటపడి, “ఈవిడ నాకు కావాలి మేష్టారూ. దేన్నీ లోపలికి రానివ్వదు,” అన్నాడు. తన వరండాలో పడుకునేవాళ్లలో ఆవిడా ఒకతె అని ఆయనకు తెలియదు.

సాయంత్రం మేష్టారు గోడక్కను పక్కకు పిలిచాడు.

“పనేంటి సార్?”

“తెల్లారి షాపులు తెరిచేలోపు వరండా ఖాళీ చేయించాలట.”

“అక్కడ పడుకునేది మేమే కదా.”

“తెలుసు.”

“ఆయనకు తెలుసా?”

“తెలిస్తే నిన్నెందుకు పెట్టుకుంటాడు?”

గోడక్క బూటు లేని కాలితో మట్టిలో గీత గీసింది, చెరిపింది. “గదికి తలుపుందా?”

“ఉంది.”

“గడియ లోపల కూడా ఉందా?”

మేష్టారికి తెలియదు. ఫోన్ చేసి కనుక్కున్నాడు. రెండువైపులా ఉందన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్ప పక్కనే పడుకునే మనిషి. పాము జీతమిచ్చే ఓనరు, ఆ కోపం ఎలాంటిదో అప్పటికి తెలియదు. గోడక్క ఒప్పుకుంది. జట్టులో వాళ్లతో పని దొరికిందని మాత్రం చెప్పింది. ఏం పని అని పిడుగు అడిగితే, “ఏదో ఒక పని,” అంది.

మొదటి వారం గేటు దగ్గర పగటి డ్యూటీ, పని నేర్చుకోవడానికి. ఆ వారమంతా ఆవిడకు గదిలో నిద్ర పట్టలేదు. గది ఆవిడ కాళ్లు చాపితే గోడకు తగిలేంత. గడియ వేసేది, పడుకునేది, లేచి గడియ పడిందో లేదో చూసేది. పడిందని తెలిశాక తీసేది, బయట నాలుగడుగులు వేసేది, మళ్లీ వచ్చి వేసేది. బట్టలు మార్చుకోవడానికి ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. రోజుకు మూడుసార్లు మార్చుకుంది. ఉన్నవే రెండు జతలు. అయినా మార్చుకుంది. ఒక్కటి మాత్రం తేల్చుకుంది. ఈ గడియ ఇక వదలదు.

అలా వచ్చింది ఆ తెల్లవారుజాము.

పిడుగు ప్రశ్నకు జవాబు చెప్పకుండా గోడక్క ఇంకోసారి ఈల ఊదింది. వరండా చివర పడుకున్న ముసలాయన, అతని పక్కన ఇంకొకతను లేచి దుప్పట్లు చుట్టబెట్టుకుని వెళ్లిపోయారు. జట్టు వాళ్లు కదల్లేదు. వాళ్ల ధైర్యం చూసి మిగిలినవాళ్లూ కదల్లేదు.

“లేవవే,” అంది గోడక్క, గొంతు తగ్గించి.

“మేష్టారు నేర్పిందే కదా. విజిల్‌కు కదిలితే రౌండు.”

దుప్పటి కింద ఎవరో నవ్వారు.

సూపర్‌వైజరు దగ్గరికొచ్చాడు. చెడ్డవాడు కాదు, ఇతనికీ పైన ఒకడున్నాడు. చేతిలో కర్ర గోడక్కకు ఇచ్చాడు. “నోటితో కాకపోతే చేత్తో చెయ్యండి. షట్టర్లు లేచేసరికి ఒక్కరు కనబడినా గది తాళం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోండి.”

గోడక్క కర్ర తీసుకుంది. దాన్ని చూసి పిడుగు మొదటిసారి నోరు మూసుకుంది. బస్టాండు దెబ్బ ఇద్దరి ఒంటి మీదా ఇంకా నల్లగానే ఉంది. గోడక్క వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. పాలవ్యాను వచ్చి ఆగింది. పాలవాడు క్రేట్లు దించుతున్నాడు. మొదటి షట్టరు తాళం తీసిన చప్పుడైంది.

అప్పుడు కర్ర గోడకు ఆనించింది. వంగి, పిడుగు తల కింద ఉన్న సంచి చటుక్కున లాగి, చంకలో పెట్టుకుని నడిచింది.

ఎన్ని ఈలలకూ లేవని మనిషి పిడుగులాగే లేచింది. “ఏయ్. నా సంచి.”

గోడక్క వెనక్కి చూడలేదు. మెట్ల కింద గది తలుపు తోసి, సంచి లోపల పెట్టి, తిరిగొచ్చి ఇంకో సంచి అందుకుంది. ఆ సంచి మనిషి ఆ సంచి వెనక వచ్చింది. సంచి ఎటు పోతే మనిషి అటు. ఈ సూత్రం ఏ సూపర్‌వైజరుకూ ఎవరూ నేర్పరు. రెండో షట్టరు లేచేసరికి వరండాలో అట్టముక్కలు తప్ప ఏమీ లేవు. మనుషులంతా మెట్ల కింద తలుపు ముందు గుమిగూడి అరుస్తున్నారు.

“దొంగతనం కూడా నేర్పారా ఉద్యోగంలో?” అంది పిడుగు.

“పొద్దుగూకాక వచ్చి తీసుకో.”

“ఈలోపు పోతే?”

“వల్లో నా సంచి పక్కన నీ సంచి ఎన్ని మ్యాచులు పెట్టావు? ఒక్కసారి పోయిందా?”

“అప్పుడు నువ్వు మాతో ఉన్నావు.”

గోడక్క తలుపుకు అడ్డంగా, రెండు చేతులూ అటూ ఇటూ చాపి నిలబడింది. ఆ నిలబడటం జట్టు వాళ్లకు బాగా తెలిసిందే. దాన్ని దాటి లోపలికి ఏదీ పోదు. పిడుగు కాసేపు చూసి, “సరే వాచ్‌మన్, నీ ఇష్టం,” అని వెళ్లిపోయింది. అక్కా అనలేదు.

సంచి లేకుండా నడవడం పిడుగుకు రాలేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. నాలుగు వీధులు ఊపుకుంటూ తిరిగి, ఒక మెస్సు ముందు ఆగింది. అంతకుముందు రెండుసార్లు అక్కడ పని అడిగింది. సంచి చూసి లేదన్నారు. సంచితో వచ్చిన మనిషి ఇక్కడే మకాం వేస్తుందని భయం. ఖాళీ చేతులతో వస్తే ఇంటి నుంచి వచ్చిన మనిషి. గిన్నెలు తోమడానికి ఆ పూటే పెట్టుకున్నారు. పొద్దుగూకాక వచ్చి సంచి అడిగింది. తాళ్లు, ముడులు, లోపలి వస్తువులు అన్నీ చూసుకుంది. మర్నాడు తెల్లారి ఎవరూ ఊదకుండానే వచ్చి తలుపు కొట్టి, సంచి విసిరినట్టు ఇచ్చి పోయింది. మిగతావాళ్లూ అంతే.

ట్రస్టు వాళ్లు కొత్త కరపత్రం వేశారు. ఖాకీ చొక్కాలో గోడక్క ఫొటో. కింద ‘వీధి నుంచి విజయానికి’. విజయం గారి గదిలో ఇప్పుడు కాళ్లు ముడుచుకుని పడుకోవాలి. సంచులు కప్పు దాకా ఉన్నాయి. రాత్రి వాళ్లవి వాళ్లు పట్టుకుపోయినా, పగటి పని దొరికిన కొందరు రెండో సంచి, మూటలు అక్కడే వదిలేస్తున్నారు. చీకటి పడ్డప్పుడు ఒక వరస తలుపు చప్పుడు, తెల్లారకముందు ఇంకో వరస. కోరుకున్న గడియ ఉంది, అది వేసి ఉండే వేళే తక్కువ. తలుపు చప్పుడు లేనప్పుడు కూడా గోడక్క లేచి కూర్చుంటుంది. తన ఒక్క సంచి పోతే తన ఖర్మ. ఇన్ని సంచులు పోతే?

సూపర్‌వైజరు ఒకరోజు వచ్చి, “గదిలో మనుషుల్ని పెట్టుకోకూడదని చెప్పాను కదా,” అన్నాడు.

“మనుషులెవరూ లేరు సార్. చూసుకోండి.”

తొంగిచూశాడు. “ఇవేంటి?”

“సంచులు సార్. రూల్లో సంచుల మాట ఉందా?”

అతను రూల్స్ కాగితం తెప్పించి చదివాడు. లేదు. ఓనరును అడిగి చెబుతానన్నాడు. ఇంకా అడగలేదో, అడిగితే ఓనరు ఇంకా చెప్పలేదో తెలియదు. అతను వచ్చినప్పుడల్లా గోడక్క అతని మొహం చూస్తుంది, అతను వాచీ చూసుకుంటాడు.

కిందటి ఆదివారం నర్సుల జట్టుతో మ్యాచి. సంచులన్నీ గదిలోనే ఉన్నాయి కాబట్టి గోడక్క చేతులూపుకుంటూ వెళ్లింది. వెనక వల ఖాళీ. మొదటి సగంలోనే మూడు గోల్స్ వదిలేసింది. బంతి వస్తుంటే ఆవిడ కళ్లు కాంప్లెక్సు వైపు పోతున్నాయి, తాళం సరిగ్గా పడిందో లేదోనని.

మేష్టారు కుంటుకుంటూ వచ్చాడు. “అమ్మా, నీకు దణ్ణం పెడతాను. వెళ్లి ఏదో ఒక సంచి తెచ్చుకో.”

విరామంలో పరుగెత్తి వెళ్లి, చేతికందిన సంచి తెచ్చి వల్లో పెట్టింది. పిడుగు దాన్ని చూసి ఆగింది.

“అది నాది.”

“తెలుసు.”

“పోతే చంపుతా వాచ్‌మన్,” అని పిడుగు ముందుకు పరుగెత్తింది.

రెండో సగంలో గోల్ పడలేదు. మ్యాచి ఎలాగూ ఓడారు. పిడుగు సంచి తీసుకుని, ముడి చూసుకుని మెస్సుకు వెళ్లిపోయింది. ‘అక్కా’ ఇంకా తిరిగి రాలేదు. గోడక్క తాళం చూసుకోవడానికి అడ్డదారిన కాంప్లెక్సుకు నడిచింది.

ఈల ఆ మొదటిరోజు తర్వాత మళ్లీ ఊదలేదు. గదిలో సంచుల వెనక మేకుకు వేలాడుతోంది. చొక్కా, బూట్లు, ఈల ఓనరు ఉచితంగా ఇవ్వలేదు. వాటి ఖరీదు నెలనెలా జీతంలో కోస్తున్నారు. ఇంకా రెండు నెలల కోత బాకీ ఉంది.